హారన్ బటన్ కింద నూనె

పటాన్‌చెరు,
మంగళవారం పొద్దున.

తమ్ముడు రత్నానికి,

ఒక్క మాట అడుగుతాను, ముందు దానికి జవాబు చెప్పు. హారన్ పాడుచేసింది నువ్వు కాదని ఆ రోజు నా మొహం మీద ఎందుకు అరవలేదు? దేవుడు నీకు గొంతు ఇవ్వలేదా? నేను ప్రార్థన కూడికలో పదిమంది ముందు నీ పేరు పెట్టి పిలిచి, వాక్యంలో ఉన్నట్టు శిబిరంలో పాపం దాచినవాడివి నువ్వే అన్నప్పుడు, "నోర్ముయ్ అన్నయ్యా" అని ఒక్క మాట అంటే నేను ఆగేవాడిని కదా. ఆగేవాడినా? అదీ తెలియడం లేదు. రెండు నెలలుగా నాకు ఏదీ సరిగా తెలియడం లేదు.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. ఈ రెండు ముక్కలు చదివి ఉత్తరం పొయ్యిలో పెట్టకు. చివరిదాకా చదువు. ఇందులో నీ ఉద్యోగం సంగతి ఉంది.

ప్రభువు కాపుదలలో అమ్మా నువ్వూ బాగున్నారని తలుస్తున్నాను. అమ్మ మోకాళ్ల వాపు తగ్గిందా? కర్పూరం కాచిన నూనె రాస్తోందా, మానేసిందా? ఇక్కడ మేమంతా క్షేమం. మీ వదిన మార్త క్షేమం. పిల్ల క్షేమం, రెండు పళ్లు ఊడాయి, మాట్లాడితే ఈల వస్తోంది. మా గురించి దిగులు పడొద్దని అమ్మకు చెప్పు. వానలు మొదలయ్యాయి. మనూళ్లో వాన పడితే ఇసుక తడిసి ఊరుకుంటుంది. ఇక్కడి నల్లరేగడి చెప్పుని పట్టుకుని వదలదు. సాయంత్రం గాలి తిరిగితే ఫ్యాక్టరీల వైపు నుంచి కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. మీ వదిన తలుపులు వేసేస్తుంది. చేపలు ఇప్పటికీ సరిగా దొరకవు, దొరికినవాటికి రుచి లేదు. జొన్నరొట్టె చెయ్యడం తను బాగానే నేర్చుకుంది, నువ్వున్నప్పటిలా అంచులు విరగడం లేదు. మేము బాగానే ఉన్నాం. దిగులు పడొద్దు.

ఇక బండి సంగతి. అమ్మకు కూడా చదివి వినిపించు. ఆమెకు ఇందులో సగమే తెలుసు, ఆ సగమూ నేను చెప్పిన తప్పుడు సగం.

పంటల పరిశోధన చేసే తెల్లాయన తన దేశం వెళ్లిపోతూ మన సహవాసానికి ఇచ్చిన బండి అది. నువ్వు చూశావు, అమ్మ చూడలేదు, అందుకని రాస్తున్నాను. బండి అంటే బండి కాదమ్మా, చక్రాల మీద ఇల్లు. లోపల మడత మంచం ఉంది, రెండు మంటల పొయ్యి ఉంది, గిన్నెలు కడుక్కునే తొట్టి ఉంది, కిటికీలకు గళ్ల తెరలున్నాయి. పైకప్పు నెడితే గొడుగులా లేచి నిలబడుతుంది. ఇంజను వెనకాల ఉంటుంది. ఇక్కడి జనం ముందు మూత తెరవాలని వెతికి, మూతే లేకపోతే ముక్కున వేలేసుకున్నారు. వయసులో మన రత్నం కంటే ఏమంత చిన్నది కాదు ఆ బండి. హారన్ మాత్రం ఒక్క నొక్కుకి ఇటు లక్డారం రోడ్డు దాకా వినిపించేది. గొంతు నిండా పలికేది, బొంగురుగా, పెద్దమనిషి దగ్గినట్టు. పిల్లలు ఆ ఒక్క మోతకే చాపలు చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చేవాళ్లు. కూడికకు గంట అక్కర్లేకపోయింది.

బండి మన చేతికి వచ్చిన ఆదివారం దాన్ని దేవుడికి ప్రతిష్ఠ చేశాను. గుర్తుందిగా. కొబ్బరినూనె మీద ప్రార్థన చేసి, ముందు అద్దానికి రాశాను, నాలుగు చక్రాలకు రాశాను, తలుపులకు రాశాను. తర్వాత డ్రైవరు సీట్లో కూర్చుని, "ఇది నీ బూర, ప్రభువా! ఈ లోయలో నిద్రపోతున్నవాళ్లను దీనితో లేపు!" అని పెద్దగా పలికి, స్టీరింగు నడుమ హారన్ బటన్ మీద గిన్నెలో మిగిలిన నూనెంతా పోశాను. పదిమంది ఆమెన్ అన్నారు. నువ్వు వెనక సీటు దగ్గర నిలబడి మెల్లగా, "అన్నయ్యా, బటన్ మీద వద్దు, లోపలికి దిగుతుంది" అన్నావు.

విన్నాను రత్నం. వినలేదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. ఐటీఐ చదివినవాడికి విశ్వాసం తక్కువ అనుకుని ఇంకో రెండు చుక్కలు ఎక్కువే పోశాను.

ఆ తర్వాత మూడు వారాలు ఎండలు. ఈ రోడ్డు మీద లారీల దుమ్ము నీకు తెలుసు. హారన్ ఒకసారి పలికేది, ఒకసారి పలికేది కాదు. నువ్వు శుక్రవారం ముందు బంపరు వెనక దూరి హారన్ విప్పి, తుడిచి, మళ్లీ బిగించావు. శనివారం పోతిరెడ్డిపల్లి కూడికకు వెళ్తున్నాం. మలుపులో పాలాయన సైకిలుకి రెండు పక్కలా క్యాన్లతో ఎదురొచ్చాడు. నొక్కాను. చప్పుడు లేదు. అరిచేలోగా బండి అంచు తగిలి ఆయన కంకర మీద పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. పాలన్నీ రోడ్డు మీద. జనం మూగారు. ఆయన లేచి నిలబడి అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది:

"ఏమయ్యగారూ, మీ గొంతయితే ఊరంత ఇనబడ్తది. మీ బండిదేంది, మూగదా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు కారంలా తగిలింది. నా బండి కిందపడేసిన మనిషి నా ముందు నెత్తురు కారుతూ నిలబడితే, నాకు నెత్తురు కనబడలేదు, నవ్వు వినబడింది. నిన్నటిరోజు హారన్ విప్పింది ఎవరు? రత్నం. అయితే చెడగొట్టింది రత్నం. అంతే. అప్పుడు లెక్క అంత తేలిగ్గా తేలిపోయింది. ఆ సాయంత్రమే కూడికలో నీ పేరు పెట్టి పిలిచాను.

మర్నాడు పొద్దున జరిగింది ఇంకా అన్యాయం. నేను లోపల మోకాళ్ల మీద ఉన్నాను. ఇంటిముందు నుంచి హారన్ మోత వినిపించింది. గొంతు నిండా, బొంగురుగా, రెండుసార్లు. బయటికి వచ్చి చూస్తే నువ్వు హారన్ విప్పి చేతిలో పట్టుకుని, రెండు తీగలు నేరుగా బ్యాటరీకి తగిలిస్తున్నావు. "అన్నయ్యా, చూడు, మోగుతోంది" అన్నావు. నేనేమనుకున్నాను? నా ప్రార్థనను వెక్కిరిస్తున్నావు అనుకున్నాను. "ఆ గుమ్మడికాయ నువ్వే పట్టుకుని పో! ఇంకోసారి ఈ గడప ఎక్కకు!" అన్నాను. నువ్వు అలాగే పట్టుకుని పోయావు. సంచిలో చొక్కాల మధ్య దాన్ని పెట్టుకోవడం మీ వదిన చూసిందట. అన్నం తిని వెళ్లమని బతిమాలిందట.

సోమవారం నేను చేసిన పని నీకు తెలియదు. తెలియాలి. ఫ్యాక్టరీలో మోటార్లకు తీగ చుట్టే సెక్షన్‌లో నిన్ను తీసుకుంటానన్న ఫోర్‌మన్ సూర్యనారాయణ గారి దగ్గరికి నేనే వెళ్లాను. మన జిల్లావాడే కదా, నేనంటే గౌరవం. "మా వాడి చేతికి నిలకడ లేదండీ, కరెంటు పని వాడికి అప్పగించకండి" అని చెప్పి వచ్చాను. నీతిమంతుణ్ణి అనుకుంటూ చెప్పాను. సొంత తమ్ముడని కూడా చూడలేదని పొంగిపోతూ చెప్పాను. నీకు పిలుపు ఎందుకు రాలేదా అని అనుకుంటున్నావేమో, ఇందుకే రాలేదు.

ఇక్కడ ఆపి, అమ్మకు మంచినీళ్లు ఇవ్వు. మిగతాది తర్వాత చదువు.

నువ్వు వెళ్లాక హారన్ లేని బండిని నెలపైన నడిపాను. మీ వదిన పక్కన కూర్చుని కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఇత్తడి గంట కొట్టేది. మలుపు వస్తే నేను తల బయటపెట్టి అరిచేవాడిని. ఐస్‌ఫ్రూట్ బండి అనుకుని పిల్లలు వెంటపడేవారు. ఆఖరికి మెయిన్‌రోడ్డు మీద రేకుల షెడ్డులో కూర్చునే నర్సింలు దగ్గరికి తీసుకెళ్లాను. లక్డారం రైతుబిడ్డ, ఇప్పుడు బండ్లకు కరెంటు పని చేస్తాడు. కొత్త హారన్ నేనే కొనుక్కెళ్లాను, లారీది, రేడియో పెట్టెంత.

అతను ముందు వైపు వంగి చూసి అడిగాడు: "ఇంజన్ ఏడుంది అయ్యగారూ?"

"వెనకాల."

"అరె! ఎన్కాల ఇంజన్ పెట్టుకొని ముంగట బోర్డు మీద దేవుని మాట రాసిన్రు. మంచిగుంది." సీటు కింద బ్యాటరీ చూసి తల గోక్కున్నాడు. "ఇది ఆరు వోల్టులది. మీరు తెచ్చిన హారన్ పన్నెండుది. ఇది మోగదు."

"పెట్టు. మోగుతుంది" అన్నాను.

అతను ఆ లారీ హారన్‌ని బ్యాటరీకి తగిలించాడు. జలుబు చేసిన దూడలా మూలిగి ఊరుకుంది. షెడ్డులో ఉన్న ఇద్దరు డ్రైవర్లు పొట్ట పట్టుకుని నవ్వారు. అప్పుడు నర్సింలు పాత మోటార్ సైకిల్ హారన్ ఒకటి వెతికి తెచ్చాడు, అది ఆరు వోల్టులది. బ్యాటరీకి తగిలిస్తే కాకిలా అరిచింది. బండికి బిగించి బటన్ నొక్కితే చప్పుడు లేదు. విప్పి చేతిలో పెట్టుకుంటే మోగుతుంది. బిగిస్తే మోగదు. చేతిలో మోగుతుంది, బండిలో మోగదు!

నాకు మతి పోయింది. ఇది శోధన అనుకున్నాను. బూర స్పష్టంగా పలకకపోతే యుద్ధానికి ఎవడు సిద్ధపడతాడని వాక్యం అడుగుతుంది కదా. ఈ బండిలో ఏదో ఆత్మ గొంతు పట్టుకుందని తేల్చాను. మూడు పూటలు ఉపవాసం ఉన్నాను. బూరలు పట్టుకుని కోటచుట్టూ తిరిగినవాళ్లు గుర్తొచ్చి, ఆ షెడ్డు ముందు బండి చుట్టూ ఏడుసార్లు తిరిగాను. ఏడో చుట్టులో నర్సింలు బీడీ ఆర్పి లేచాడు.

"అయ్యగారూ, బురద తొక్కుడు సాలు. జెర ఆగున్రి. చేతిల మోగుతుంది, అంటే హారన్ మంచిగనే ఉన్నట్టు. మీరు గిట్ల ఎన్ని హారన్లు మార్చినా గంతే. నొక్కేకాడనే ఏదో ఉంది. అసలు పాత హారన్ ఏది?"

"మా తమ్ముడు పట్టుకుపోయాడు."

"గా సన్నటి పిల్లగాడా? కళ్లజోడు?"

"నీకెలా తెలుసు?"

"గా పాలాయన పడ్డ శనివారం నాడు రాత్రి వచ్చిండు గదా. జెర పెట్రోలు, గీకే కాయిదం అడిగిండు. బటన్ ఇప్పి సూడాలె అన్నడు. మరి ఇప్పలేదా?"

"నాకు చెప్పలేదే" అన్నాను.

"మా అన్న పోసింది నూనె కాదు, ప్రతిష్ఠ. గది తుడిస్తె ఒప్పుకోడు, ముందుగాల హారన్ మోగించి సూపెట్టి, ఎన్క మెల్లగ చెప్త అన్నడు. ఏం నూనెనో నాకు సమజ్ కాలేదు."

నర్సింలు స్టీరింగు నడుమ బటన్ మూతను చిన్న స్క్రూడ్రైవరుతో లేపాడు. లోపల చూశాను. నల్లగా, జిగురుగా, ఆవకాయ జాడీ అడుగులా. నూనే, దుమ్మూ కలిసి ముద్దై స్ప్రింగును పట్టేశాయి. నర్సింలు దాన్ని వేలితో తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"కొబ్బరినూనె." నా వైపు చూశాడు. "దసరాకు మేము సుత బండికి బొట్టు పెడ్తం అయ్యగారూ. గానీ పైన పెడ్తం. బండికి తలంటు పొయ్యం."

అప్పుడతను చెప్పింది నేను నాలుగుసార్లు చెప్పించుకున్నాను. ఈ బండిలో కరెంటు ఎప్పుడూ హారన్ దాకా వచ్చి నిలబడే ఉంటుందట. బటన్ నొక్కినప్పుడు లోపలి రేకు బండి ఒంటికి తగలాలి. తగిలితే దారి పూర్తయి హారన్ పలుకుతుంది. ఆ తగిలేచోటే నా నూనె అడ్డం నిలబడింది. పెట్రోలు గుడ్డతో తుడిచి, గీకుడు కాగితంతో రెండుసార్లు రుద్ది, మూత వేసి నొక్కమన్నాడు. నొక్కాను. కాకి అరిచింది. మోటార్ సైకిల్ కాకే, అయినా అరిచింది.

నేను స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. "ఏందయ్యగారూ, మోగింది గదా, ఎందుకేడుస్తున్రు" అంటాడు. ఏం చెప్పాలి? నీ చేతిలో ఆ హారన్ ఆదివారం పొద్దున మోగిందిగా. స్పష్టంగా మోగింది. గొంతు నిండా మోగింది. ఇరవై ఏళ్లుగా, ఏ సెమినరీ గడపా తొక్కకుండా, కిరసనాయిలు దీపం కింద ఒక్కో అక్షరం కూడబలుక్కుని వాక్యం నేర్చుకుని, చెవిగలవాడు వినుగాక అని ఊరూరా అరిచిన నేను, నా ఇంటిముందు మోగినదాన్ని వెక్కిరింత అనుకున్నాను. నువ్వు ఎందుకు అరవలేదని పైన అడిగానే, నువ్వు అరిచావు. హారన్‌తో అరిచావు. ఆ ప్రశ్న నేను కొట్టెయ్యను, అలాగే ఉండనీ. నా బుద్ధి ఇంకా అక్కడే తిరుగుతోందని నీకు తెలియాలి.

ఒకటి మాత్రం నాకు ఇంకా తేలడం లేదు. నేను నూనె పోసింది భక్తితోనే. అబద్ధం కాదు. ఆ పూట నా కళ్లు చెమర్చాయి కూడా. మరి అదే నూనె ఎలా అడ్డం వచ్చింది? ప్రతిష్ఠ తప్పా, పోసిన చోటు తప్పా, పోసినవాడు తప్పా? వాక్యం తిరగేస్తున్నాను. పరుల కంట్లో నలుసు తియ్యబోయినవాడి కంట్లో దూలం ఉందన్న చోట వేలు ఆగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి తిరగేస్తాను. మీ వదినను అడిగితే, "చోటే తప్పండీ. దీపంలో పోస్తే వెలుగుతుంది, పప్పులో పోస్తే పాడవుతుంది. ఇందులో అంత ఆలోచన ఏముంది?" అంది. ఆలోచన లేకపోతే నాకు రాత్రిళ్లు నిద్ర ఎందుకు పట్టడం లేదు?

శుక్రవారం సూర్యనారాయణ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన టీ తాగుతున్నారు. నేను చెప్పిందంతా విని, గ్లాసు కిందపెట్టి అన్నారు:

"ఏవండీ ప్రకాశం గారూ, ఆ రోజు మీరు చెప్పిన మాట నేనెందుకు నమ్మానంటారు? బయటివాడు చెబితే నమ్మేవాణ్ణి కాదు. సొంత తమ్ముడి మీద లేనిది ఎవరు చెబుతారండీ? ఇప్పుడు కాదంటున్నారు. మీ మాటల్లో నన్ను ఏది పట్టుకోమంటారు?"

"ఇవాళ్టిది పట్టుకోండి. నిన్నటిది నా అహంకారం" అన్నాను.

ఆయన గ్లాసు తీసి మిగిలిన టీ తాగేశారు. నీ చోట తీసుకున్నవాడు ఇంట్లో ఏదో కష్టం వచ్చి పని మానేసి వెళ్లిపోయాడట. చోటు ఖాళీగానే ఉంది. "ఈ సోమవారం కాదు, పై సోమవారం మొదటి షిఫ్టుకి గేటు దగ్గర ఉండమనండి, సర్టిఫికెట్టు తెచ్చుకోమనండి. ఒక పాత మోటారు ఇస్తాను, నా కళ్లముందు చుట్టి చూపించాలి. సోమవారం రాకపోతే మంగళవారం ఇంకొకర్ని పెట్టుకుంటాను, నన్ను అనుకోకూడదు. ఇంకో మాట. మీరు వెంట రాకండి. గేటు దగ్గర ప్రసంగాలొద్దు."

రానని మాటిచ్చాను. ఇంతవరకూ నన్ను ఎవరైనా మాట్లాడొద్దంటే నేను ఒప్పుకున్నది ఇదే మొదటిసారి.

మొన్న ఆదివారం కూడికలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. నీ పేరు పెట్టి నిందించిన చోటే నిలబడి, నీ పేరు పెట్టే చెప్పాను. గొంతు ఎత్తకుండా చెప్పడం నాకు చేతకాలేదు, అరుస్తూనే చెప్పాను. అందరూ తలలు దించుకున్నారు. క్యాంటీన్‌లో ఊడ్చే సాయమ్మ మాత్రం చాప మీద నుంచి లేచి, కొంగు నడుముకి దోపింది.

"అయ్యగారూ, గివన్ని మాకెందుకు చెప్తున్రు? మాకు చెప్తే ఏం ఫాయిదా? తిట్లు తిన్నది గా పిలగాడు. గా పిలగానికి చెప్పున్రి. నైవేద్యం ఏడనో పెట్టి దేవుణ్నేడనో వెతికినట్టుంది మీ కథ."

బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు వెళ్లి నీ సహోదరుడితో సమాధానపడమని నేను ఎన్నిసార్లు ప్రసంగించాను! సాయమ్మకు చదువు రాదు. ఆ వాక్యం నా చేత చదివించుకుని విన్న మనిషి. ఆమె విన్నది, నేను చదివాను. అదీ తేడా.

పాలాయన దగ్గరికి కూడా వెళ్లాను. మోకాలు మానింది. నేను వంగితే ఆయన కంగారుపడి వెనక్కి జరిగాడు. "ఇగ ఊకోండ్రి అయ్యగారూ, పాలు పోయినయి, దూడ తాగిందనుకుంటా" అన్నాడు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. ఇక్కడి మనుషుల మాట గరుకు, మనసు మెత్తన. ఈ మాట అమ్మకు తప్పకుండా చెప్పు, పరాయి చోట ఎలా బతుకుతున్నామో అని దిగులు పడుతుంది.

ఇక నిన్ను అడగాల్సింది. ఆ హారన్ ఇంకా నీ దగ్గరే ఉందా? పాతసామాన్లవాడికి వేసెయ్యలేదు కదా? నువ్వు వెయ్యవు, నాకు తెలుసు. నర్సింలు మోటార్ సైకిల్ హారన్ విప్పేశాడు, "ఏనుగుకు కాకి గొంతు పెట్టుడు నాతోని కాదు, అసలుది తెప్పియ్యున్రి" అన్నాడు. తీగ కొసకు టేపు చుట్టి బంపరు వెనక వేలాడదీశాడు. బండిని షెడ్డు పక్కన నిలిపాను. బిగించాల్సింది నువ్వేనని అతనికి చెప్పాను. బటన్ మూత కూడా నువ్వు మళ్లీ విప్పి చూడు, మూలల్లో ఇంకా కొంచెం జిడ్డు ఉందేమోనని నా అనుమానం. ఈసారి నూనె గిన్నె నా చేతికి ఇవ్వొద్దు.

అమ్మ చీరముక్క ఏదైనా ఉంటే హారన్‌ని అందులో చుట్టు, రైల్లో గీతలు పడకుండా. వీలైతే నాలుగు గుప్పెళ్లు ఎండు రొయ్యలు కూడా తే, మీ వదినకు నోరు చప్పబడిపోయింది. వీలుకాకపోతే వద్దు. వాటికోసం ఒక్క పూట కూడా ఆగొద్దు.

నన్ను క్షమించు అని రాయడానికి ఈ కాగితం మీద మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ అది ప్రసంగంలా మారిపోయింది, కొట్టేశాను. నువ్వు ఎదురుగా ఉంటే ప్రసంగం రాదేమో. రాకుండా చూసుకుంటాను. నువ్వు మాట్లాడు, నేను వింటాను. నువ్వు అరువు, నేను వింటాను.

అమ్మ పాదాలకు నా నమస్కారాలు. ఆమె చెయ్యి నా తల మీద ఉన్నట్టే అనుకుని ఇది ముగిస్తున్నాను. పెద్దమ్మకు, సంఘపెద్దలకు, చర్చి వెనకింటి తాతగారికి మా వందనాలు. పక్కింటి పిల్లలకు మా దీవెనలు. మేము క్షేమం, మా గురించి దిగులు పడొద్దు. ప్రభువు మిమ్మల్ని తన రెక్కల చాటున దాచుగాక.

నీ ముందు తలెత్తలేని
అన్నయ్య ప్రకాశం

తా.క. ఎక్స్‌ప్రెస్ డెలివరీ స్టాంపు అంటించి పంపుతున్నాను. పోస్టుమాస్టరు శుక్రవారానికి అందుతుందన్నాడు, ఆలస్యమైతే శనివారం. సోమవారం పొద్దున మొదటి షిఫ్టు. నడుమ ఎక్కువ గంటలు లేవు రత్నం. ఆలోచించి జవాబు రాస్తాననకు, నీ జవాబు చేరేసరికి ఆ చోట వేరేవాడు కూర్చుంటాడు. నేడు అన్న మాటను రేపటికి వాయిదా వెయ్యొద్దని ప్రతి ఆదివారం లోకమంతటికీ చెప్పాను, ఇప్పుడు నీ ఒక్కడికే చెబుతున్నాను, అరవకుండా చెబుతున్నాను. నా మీద కోపం ఉంటే కోపంతోనే రా. చదవడం అయిపోయిందిగా? లే. సర్టిఫికెట్టు తీసుకో, హారన్ సంచిలో పెట్టుకో, ఇవాళ సాయంత్రం రైలే ఎక్కు.